ఆయన పెళ్ళాం ఏమైంది?

గన్నవరంలో మా పెద్దమ్మకి రొమ్ము కాన్సర్ బయటపడింది 2006లో. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఆపరేషనయ్యాక విజయవాడలో ఎక్కించిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. "ఇది మన భీమవరంలో పుట్టినాయన చలవే వదినా" అని నాన్న ధైర్యం చెప్పబోతే, ఆవిడ వాంతి చేసుకున్న గిన్నె పక్కనబెట్టి, "ఆయన పెళ్ళాం ఏమైంది?" అనడిగింది. నాన్న దగ్గర జవాబు లేదు.

ఆమె పేరు శేషగిరి. 1919లో యల్లాప్రగడ సుబ్బారావుతో పెళ్ళయింది. ఆయన చదువుకీ, అమెరికా ప్రయాణానికీ ఆమె తండ్రి డబ్బు సాయం చేశాడు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో చనిపోయేదాకా సుబ్బారావు తిరిగి రాలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. దీన్ని మనం త్యాగమంటాం. ఎవరి త్యాగమో మాత్రం చెప్పం.

మందు కథ ఇంకా వెనక, బొంబాయిలో మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు అక్కడికి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు తీవ్రమైన రక్తహీనతతో ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. చవకైన ఈస్టు సారంతో వాళ్ళు కోలుకుంటారని ఆమె 1931లో ప్రకటించింది. అందులో పనిచేసింది ఫోలిక్ ఆసిడ్ అని తర్వాత తేలింది. సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాల 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ తరహా పదార్థాలు లుకేమియా పిల్లలకిస్తే జబ్బు ముదిరినట్లు కనిపించింది. అంటే కాన్సర్ కణానికీ అదే ఆహారం. మరి దాన్ని అడ్డుకుంటే? అలా వచ్చింది అమినోప్టెరిన్. 1948లో ఫార్బర్ ప్రకటించిన 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం ఉపశమనం కలిగింది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. దాన్ని రొమ్ము కాన్సర్ మీద వాడి 1951లో ఫలితం చూపించింది హార్లెం ఆస్పత్రిలోని నల్లజాతి వైద్యురాలు జేన్ రైట్.

కణానికి ఏం కావాలో తెలుసుకుని దాన్నే ఆపడం, నేటి గురిచూసే మందులకి ఇదే తొలి అడుగు. గురి మాత్రం పూర్తిగా కుదరలేదు. వేగంగా పెరిగే మంచి కణాలనీ కొట్టింది.

1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ గురి వేరు. రొమ్ము కాన్సర్లలో సుమారు అయిదింట ఒకదానిలో హెర్2 అనే ప్రొటీను మితిమీరి ఉంటుంది. ఈ మందు దాన్నే పట్టుకుంటుంది. గుండెని కనిపెట్టుకుని ఉండాలి, కొందరిలో జబ్బు మందుకి లొంగడం మానేస్తుంది కూడా. జీవకణాల్లో పెంచి తీసే మందు కనుక నకలు చేయడం కష్టం, ధరా ఎక్కువే. పెద్దమ్మ రిపోర్టులో హెర్2 పాజిటివ్ అని ఉంది. ఎకరం అమ్ముదామన్నారు. "పిల్ల పెళ్ళికుంచండి" అంది. 2009లో పోయింది.

ఈ మందు అందరికీ అందాలని 2012లో మనదేశంలో స్త్రీవాదులూ, ఆరోగ్య కార్యకర్తలూ ఉద్యమించారు. 2014లో దేశీయ రూపం మార్కెట్లోకొచ్చింది, ధర తగ్గింది. అయినా నెలల తరబడి కొనాలంటే ఇప్పటికీ ఇల్లు లెక్కలు వేసుకుంటుంది. ఆ లెక్కలో ముందు కొట్టివేతకి గురయ్యేది ఎవరి ప్రాణమో మనకి తెలుసు.

మిల్లు స్త్రీల పేర్లు చరిత్రలో లేవు. శేషగిరి పేరు ఉంది, భర్త కథలో ఒక వాక్యంగా. పెద్దమ్మ ప్రశ్నకి నేనింత ఆలస్యంగా జవాబు వెతుక్కున్నాను. ఆ పిల్ల పెళ్ళి ఇంకా కాలేదు. ఎకరం అలాగే ఉంది. ఆ పిల్లని నేనే.