చెమట పుట్టుపూర్వోత్తరాలు

నెల్లూరు జిల్లా పడమటి అంచున వెలిగొండలను ఆనుకొని ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు కోస్తా జిల్లాలో భాగమైనప్పటికీ స్వభావం చేత మెట్ట సీమలు. వేసవి పగళ్లలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. పెన్నపై సోమశిల జలాశయం ఉన్నందువల్ల ఆత్మకూరు వైపు కొన్ని ఊళ్లకు కాలువ నీరు అందుతున్నా, ఉదయగిరి, వరికుంటపాడు, సీతారామపురం, మర్రిపాడు మండలాల పల్లెలు చాలావరకు వానను, చెరువును, బోరుబావిని నమ్ముకొన్నవే. ఇటువంటి ఎండలో పనిచేయగల మానవదేహం ఎప్పుడు, ఎలా రూపొందిందో, దాని ఓర్పు ఎక్కడ ఆగిపోతుందో చెమట చరిత్రను బట్టి తెలుస్తుంది.

మానవదేహం లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి అంతకంటే వేడెక్కినప్పుడు ఒంటి వేడి గాలిలోకి పోవడం మాని, గాలి వేడే ఒంటిలోకి ప్రవేశిస్తుంది గనుక, చర్మంపై నీరు ఆవిరి కావడం తప్ప దేహం చల్లబడే మార్గం మరొకటి మిగలదు. మట్టి కూజాలో నీటిని చల్లబరిచే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి ఒంటి నుంచి తొలగిపోతుంది. ఈ నీటిచెమటను స్రవించే గ్రంథులను ఎక్రైన్ స్వేదగ్రంథులు అంటారు. మనిషి చర్మంలో ఇవి 20 నుంచి 40 లక్షల దాకా ఉంటాయి. చింపాంజీ చర్మంతో పోలిస్తే వీటి సాంద్రత దాదాపు పదిరెట్లు. ఇవి ఏర్పడటానికి తోడ్పడే ఎంగ్రెయిల్డ్-1 అనే జన్యువును నియంత్రించే డీఎన్ఏ భాగంలో మానవ వంశంలో పదేపదే మార్పులు జరిగాయని 2021లో వెలువడిన ఒక పరిశోధన చూపింది.

ఈ మార్పులకు రంగస్థలం ఆఫ్రికా. అడవులు పలచబడి గడ్డిమైదానాలు విస్తరించిన కాలంలో, సుమారు 20 లక్షల ఏళ్ల నాడు, పొడవైన కాళ్లతో నిటారుగా నడిచి పగటివేళ దూరాలు తిరిగిన హోమో ఎరెక్టస్ అనే పూర్వమానవుల నాటికి ఒంటి బొచ్చు తగ్గి, చెమట పెరిగి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. బొచ్చు పోయిన చర్మానికి ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ కావలసి వచ్చింది. ఆ రక్షణ మెలనిన్ అనే నల్లని వర్ణకం వల్ల లభించింది. గర్భస్థ శిశువు ఎదుగుదలకు అవసరమైన ఫోలేట్ అనే విటమిన్ ఎండకు నశించకుండా కాపాడటం దాని ప్రయోజనాలలో ఒకటని మానవశాస్త్రవేత్త నీనా జబ్లాన్‌స్కీ ప్రతిపాదించారు.

నెల్లూరుకు దక్షిణాన, తమిళనాడులోని అత్తిరంపాక్కంలో దొరికిన రాతి పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్లనాటివని 2011లో నిర్ధారించారు. కర్నూలు సీమలోని జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల క్రితం సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం నుంచి వచ్చి పడిన బూడిద పొరకు కిందా పైనా కూడా పనిముట్లు లభించాయి. ఈ నేలకు చేరిన మనుషులు చెమటను వెంట తెచ్చుకొన్నవారే గనుక, మెట్ట రైతు ఓర్పునకు మూలం వెలిగొండల పాదాన కాక ఆఫ్రికా మైదానాలలో ఉన్నది. టిబెట్ వారి సంగతి వేరు: పీఠభూమిపై ప్రాణవాయువు కొరతను తట్టుకోవడానికి తోడ్పడే ఈపీఏఎస్-1 జన్యురూపం, డెనిసోవన్లు అనే అంతరించిన మానవజాతి నుంచి సంక్రమించి, ఆ ఎత్తున నివసించేవారిలోనే బాగా వ్యాపించింది.

వంశపారంపర్యంగా వచ్చిన ఈ శక్తి ఒక్క జీవితకాలంలోనే మరింత పదునెక్కుతుంది. ఎండలో పని మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలలో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, ఆల్డోస్టెరాన్ అనే హార్మోను ప్రభావంతో చెమటలో ఉప్పు తగ్గుతుంది. నీడపట్టున కొన్ని వారాలు గడిపితే ఈ లాభం తిరిగి సన్నగిల్లుతుంది. పనిచేసే స్వేదగ్రంథుల సంఖ్య పుట్టిన తొలి రెండు మూడేళ్లలో, ఆనాటి వాతావరణాన్ని బట్టి స్థిరపడుతుందని జపాన్ శరీరశాస్త్రవేత్త యాస్ కునో భావించారు. తెల్లవారుజామునే పొలానికి పోయి ఎండ ముదరకముందే మళ్లడం, ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి తాగడం వంటి అలవాట్లు ఈ దేహధర్మానికి తోడుగా నిలిచాయి.

అయితే చెమటగా పోయిన నీటిని తిరిగి తాగవలసిందే. ఎండలో కష్టించేవారికి గంటకు లీటరు చెమట పట్టడం అరుదేమీ కాదు. అందువల్ల వారు తాగే నీరు నీడలో కూర్చొనేవారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ముప్పు ఆ నీటిలోనే ఉంది: ఈ ప్రాంతపు రాళ్లలోని అపటైట్, బయొటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. దేహంలో చేరిన ఫ్లోరైడు ఎముక ఖనిజంలోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమించి, ఏళ్లు గడిచేకొద్దీ వెన్నును, కీళ్లను బిగిస్తుంది. ఈ వ్యాధే ఫ్లోరోసిస్. భారతదేశంలో దీనిని వైద్యులు తొలిసారి వివరంగా నమోదు చేసింది నెల్లూరు జిల్లాలోనే: షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో తమ పరిశీలనను ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. వారు చూసిన దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు 1970లో ఏర్పడిన కొత్త జిల్లాలోకి వెళ్లగా, కనిగిరికి పొరుగున ఉన్న ఉదయగిరి సీమ నెల్లూరులోనే మిగిలింది.

ఈ విషానికి పరిణామం విరుగుడు తయారుచేయలేదు. ప్రకృతి వరణం, అంటే బతికి సంతానాన్ని కన్నవారి లక్షణాలే తరువాతి తరాలలో నిలిచే ప్రక్రియ, వేల ఏళ్లు కోరుతుంది. పైగా ఎముకలు బిగుసుకుపోవడం ఎక్కువగా పిల్లలు పుట్టిన తరువాతి వయసులో జరుగుతుంది. ఎండకు ఓర్చుకొనే శక్తి ఇక్కడ హానిని పెంచేదిగా మారుతున్నది: లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల నీటిని రోజుకు రెండు లీటర్లు తాగినవారికి 3 మిల్లీగ్రాములు చేరితే, ఆరు లీటర్లు తాగినవారికి 9 మిల్లీగ్రాములు చేరుతుంది. అందుకే అమెరికా ప్రజారోగ్య సేవాసంస్థ 1962లో తాగునీటి ఫ్లోరైడు ప్రమాణాన్ని ఆయా ప్రాంతాల ఉష్ణోగ్రతను బట్టి నిర్ణయించి, వేడి చోట్లకు తక్కువ మోతాదు చెప్పింది. భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రామును ఆమోదయోగ్య పరిమితిగా పేర్కొని, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తుంది. ఎండలో పనిచేసేవారే ఎక్కువగా ఉండి, వేరే నీరు దొరకని మెట్ట పల్లెలకే ఈ సడలింపు వర్తిస్తున్నది గనుక, బోరునీటికి బదులు నదీజలాన్ని ఇంటింటికీ అందించడం ఈ సీమలో వైద్యం కంటే ముందు జరగవలసిన పని.