నీరటి లేని పెరడు

పోయిన మార్చిలో మా ఇంటి ముందు గడ్డి తీయించేశాం. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఇల్లు. కాంట్రాక్టర్ వచ్చి టేపు పెట్టి కొలిచి, ట్యాబ్లెట్ మీద బొమ్మ గీసి చూపించాడు: నేలంతా కంకర, మూడు కాక్టస్‌లు, ఒక పాలోవెర్డె చెట్టు, డ్రిప్ పైపులు. "ఈ నేల ముందు ఎలా ఉండేదో అలాగే చేసేస్తాం" అన్నాడు. నాకు ఆ మాట దగ్గరే ఆగిపోవాలనిపించింది. ముందు అంటే ఎప్పుడు?

ఎడారి అనగానే ఏమీ లేని చోటు అనుకుంటాం. కానీ సాల్ట్ నది ఒడ్డున హోహోకం ప్రజలు దాదాపు వెయ్యేళ్ళ పాటు వందల మైళ్ళ కాలువలు తవ్వి మొక్కజొన్న, పత్తి పండించారు. ఇనుప పనిముట్టు లేదు, బండి లాగే పశువు లేదు. 1450 ప్రాంతానికి ఆ ఊళ్ళు పలచబడిపోయాయి. 1867లో జాక్ స్విల్లింగ్ అనే మాజీ సైనికుడు ఆ పాత కాలువల ఆనవాళ్ళు చూసి, పూడిక తీయించి నీళ్ళు పారించాడు. శిథిలాల మీద లేచిన ఊరు కాబట్టి ఫీనిక్స్ అని పేరు పెట్టారు. అంటే ఈ నగరం ఎడారిలో పుట్టలేదు, వేరేవాళ్ళ మాగాణిలో పుట్టింది.

హోహోకం వారసులమని చెప్పుకునే ఓదమ్ ప్రజలు మా ఇంటికి దక్షిణాన, గిలా నది పక్కన ఉంటారు. 19వ శతాబ్దం మధ్యలో వాళ్ళు గోధుమ పండించి, కాలిఫోర్నియా వెళ్ళే బాటసారులకి అమ్మేవాళ్ళు. తరవాత ఎగువన స్థిరపడిన రైతులు గిలా నీళ్ళు మళ్ళించుకున్నారు. శతాబ్దం ముగిసేసరికి ఆ పొలాలు ఎండి, పండించిన చేతులకే తిండి కరువైంది. వాళ్ళ నీటి హక్కుల మీద చట్టంతో ఒప్పందం కుదిరింది 2004లో. ఎగువవాడు ఆనకట్ట కడితే దిగువవాడికి ఏమవుతుందో కృష్ణా తగాదాలు వింటూ పెరిగిన మనకి విడమర్చి చెప్పక్కర్లేదు.

1911లో రూజ్‌వెల్ట్ డ్యామ్ పూర్తయింది. పొలాలకి పారిన నీళ్ళు మెల్లగా ఇళ్ళ పెరళ్ళలోకి కూడా వచ్చాయి. పాత పేటల్లో ఇప్పటికీ వంతుల ప్రకారం కాలువ నీళ్ళు వదిలి పచ్చికని ముంచుతారు. ఆ గేట్లు తిప్పే మనిషిని స్పానిష్ మాటతో 'సాన్హెరో' అంటారు. మన తెలంగాణ పల్లెల్లో చెరువు తూము చూసుకుంటూ, ఏ మడికి ఎంతసేపు పారాలో లెక్క తెలిసిన నీరటి పనే అది. తేడా ఏంటంటే, నీరటి వరికి పారించేవాడు, ఇక్కడ నీళ్ళు పారేది గడ్డికి. 1950లో లక్షా ఏడు వేలున్న ఫీనిక్స్ జనాభా 1960కి నాలుగు లక్షలు దాటింది. ఏసీలు, స్విమ్మింగ్ పూల్, పచ్చిక ఒక ప్యాకేజీగా అమ్ముడుపోయాయి.

బోర్లు తోడీ తోడీ భూగర్భ జలం అడుగంటుతుంటే 1980లో ఆరిజోనా దానికో చట్టం తెచ్చింది. మరుసటి ఏడు డెన్వర్ నీటి సంస్థ 'జెరిస్కేప్' అనే మాట పుట్టించింది. గ్రీకులో జెరోస్ అంటే పొడి. చాలామంది దాన్ని 'జీరోస్కేప్' అని పలుకుతారు, అలాగే కట్టిస్తారు కూడా: ప్లాస్టిక్ షీటు, పైన కంకర, అయిపోయింది. అసలు సూత్రాలు ఏడు. వాటిలో నేలని బాగుచేసుకోవడం, అవసరమైనంత మేరకే గడ్డి ఉంచుకోవడం కూడా ఉన్నాయి. ఉత్త రాళ్ళు పగలు మింగిన వేడిని రాత్రి కక్కుతాయి. 2023లో ఇక్కడ వరసగా 31 రోజులు పగటి వేడి 110 ఫారెన్‌హీట్ తగ్గలేదు. సవారో కాక్టస్‌లే కూలిపోయాయి.

అందుకే కాంట్రాక్టర్‌ని మళ్ళీ పిలిచాను. షీటు వద్దన్నాను. కప్పు మీద పడే వాన నీళ్ళు చెట్టు మొదట్లో నిలిచేలా గుంటలు తీయమన్నాను. పాలోవెర్డెకి తోడు మెస్కీట్ పెట్టమన్నాను. దాని కాయలు దంచి ఓదమ్ వాళ్ళు పిండి చేసుకునేవారు. మన సర్కారు తుమ్మ దానికి దాయాదే. 19వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి మన దేశానికి తెచ్చి నాటారు, ఇప్పుడు మనం పీకలేక చస్తున్నాం. ఇక్కడ అదే కుటుంబపు చెట్టుని డబ్బిచ్చి నాటించుకుంటున్నాను. సవారో అడిగితే అతనే వద్దన్నాడు. దానికి చట్టప్రకారం పర్మిట్, ట్యాగు ఉండాలి. పైగా మొదటి కొమ్మ రావడానికే యాభై ఏళ్ళు పైన పడుతుంది.

నలుగురు కూలీలు రెండు రోజులు పారలతో గుంటలు తవ్వారు. మధ్యాహ్నం గోడ నీడలో స్పానిష్‌లో కబుర్లు చెప్పుకుంటూ అన్నాలు తిన్నారు. వెళ్ళేముందు కాంట్రాక్టర్ నా ఫోన్లో డ్రిప్ యాప్ పెట్టించాడు: ఏ చెట్టుకి ఏ రోజు ఎన్ని నిమిషాలు. ఇప్పుడు నీరటిని నేనే. కాకపోతే ఊరి నీరటికి తన చెరువు కళ్ళెదుట కనిపించేది, ఎంత తగ్గిందో మెట్లు చూసి చెప్పేవాడు. ఈ లోయకొచ్చే నీళ్ళలో కొంత భాగం కొలరాడో నది నుంచి 336 మైళ్ళ కాలువలో వస్తుంది. ఆ నది మట్టం నా యాప్‌లో లేదు.