ఆడపిల్ల ఉందిగా!

క్యాన్సర్‌కి మన భాషలో రాచపుండు అని పాత పేరు. ఆ పేరు కూడా పలకలేక ‘ఆ జబ్బు’ అని ఊరుకున్నవాళ్ళే ఎక్కువ. దాని చరిత్రని మనం కత్తులు, మందులు, యంత్రాల చరిత్రగానే చదువుకున్నాం. చికిత్స జరుగుతున్న రోజుల్లో ఇల్లు ఎలా నడిచింది, ఎదిగే పిల్లలు ఏమయ్యారు అన్నది అందులో అంతగా కనపడదు. ముప్పై ఎనిమిదేళ్ళకి రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స తీసుకుంటూ, పదో తరగతి చదివే కూతుర్ని పెంచుతూ ఉన్నప్పుడు ఆ ఖాళీ నన్ను వెంటాడింది.

ఇంగ్లీషు సాహిత్యంలో ఒక పాత సాక్ష్యం ఉంది. ‘ఎవెలీనా’ నవల రాసిన ఫానీ బర్నీకి 1811 సెప్టెంబర్ 30న పారిస్‌లో, ఇంట్లోనే రొమ్ము తొలగించారు. మత్తుమందు ఇంకా రాని కాలం అది. భర్త ఆ సమయానికి ఇంట్లో లేకుండా ఆమే ఏర్పాటు చేసుకుంది. డాక్టర్ల కోసం ఎదురుచూస్తూ, నొప్పి చేత్తోనే కలం పట్టి, ఒకవేళ తను బతక్కపోతే అని భర్తకీ, పదహారేళ్ళ కొడుకు అలెక్స్‌కీ నాలుగు మాటలు రాసిపెట్టింది. ఇవన్నీ తర్వాత అక్క ఎస్తర్‌కి రాసిన ఉత్తరంలో ఉన్నాయి. ఆ ఉత్తరం గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా కోత గురించే మాట్లాడతారు. నాకు మాత్రం బల్ల ఎక్కే ముందు కూడా ఇంటివాళ్ళని కాచుకునే పనిలో ఉన్న ఒక తల్లి కనిపించింది.

కోత నొప్పిని తీర్చిన చరిత్రలో మన కోఠికీ చోటుంది. రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888లోనూ 1889లోనూ హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. ఆయన నడిపిన వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ, మత్తుమందు ఇవ్వడంలో ప్రపంచంలోనే తొలితరం స్త్రీలలో ఒకరు. ఆ రెసిడెన్సీ భవనంలోకే 1949లో మహిళా కళాశాల వచ్చింది. నేను ఎం.ఏ. చదివింది అక్కడే. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం.

నొప్పి తగ్గింది గానీ, రేడియేషన్, దాని తర్వాత కీమోథెరపీ వచ్చాక చికిత్స ఒక మధ్యాహ్నంతో అయిపోయేది కాకుండా పోయింది. కోఠి నుంచి ఆబిడ్స్, నాంపల్లి దాటితే రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. 1955లో దాన్ని స్థాపించిన మెహదీ నవాజ్ జంగ్ పేరు ఆస్పత్రి పేరులోనే నిలిచింది. మంచిదే. కానీ రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి తిరగడం. కీమో అంటే చాలామందికి మూడు వారాలకోసారి, నెలల తరబడి. అన్ని రోజులూ ఇంట్లో పొయ్యి వెలగాలి, బడికి బాక్సు కట్టాలి, ఫీజు కట్టాలి. వైద్యం పొడుగు పెరిగినకొద్దీ జీతం లేని చాకిరీ పొడుగూ పెరిగింది. అది ఎవరి మీద పడింది?

మా ఇంట్లో దానికి జవాబు బంధువులే ఇచ్చేశారు. “ఆడపిల్ల ఉందిగా, నీకేం బెంగ?” ప్రేమగానే అన్నారు. అదే కొడుకైతే, “పాపం, వాడి పరీక్షలు పాడవకుండా చూడమ్మా” అనేవారు.

మా పాపకి జబ్బు పేరు మొదటిరోజే చెప్పాను. మూడు ప్రశ్నలడిగింది. “నీ జుట్టు ఊడిపోతుందా? నాకూ వస్తుందా? ఫేర్‌వెల్‌కి నాకు చీర ఎవరు కడతారు?” మూడూ దానికి సమానమే. పదిహేనేళ్ళంటే అంతే. జుట్టు ఊడినా మళ్ళీ వస్తుందన్నాను. రెండోది డాక్టర్నే అడుగుదామన్నాను. చీర నేనే కడతానన్నాను, కట్టాను.

వంట నా భర్త నేర్చుకున్నాడు. పప్పు మాడినరోజు మాడిన పప్పే తిన్నాం. కీమో రోజుల్లో మా తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు. పాపకి ఇదివరకు చేసే పనులే ఉంచాం, ఒక్కటీ పెంచలేదు. కోఠి ఫుట్‌పాత్ మీద పాత గైడ్లు కొనడానికి మాత్రం ఇద్దరం కలిసి వెళ్ళాం. నా తలకి కట్టిన స్కార్ఫ్ చూసి సిగ్గుపడి నాకంటే రెండడుగులు ముందు నడిచింది. ఇంకోరోజు ఏదో కోపంతో తలుపు దబాలున వేసుకుంది. “తల్లి ఇలా ఉంటే ఇదేం పొగరు?” అన్నారొకరు. నాకు మాత్రం ఆ చప్పుడు ధైర్యమిచ్చింది. అది ఇంకా పిల్లే, నాకు తల్లి అయిపోలేదు.

జబ్బుచేసిన తల్లికి కూతురు తోడుండటం వేరు, తల్లి ఖాళీ చేసిన వంటింట్లోకి దిగిపోవడం వేరు. ఈ తేడాని చెరిపేసేది జబ్బు కాదు, ఇంటి పని ఆడవాళ్ళదేననే అలవాటు. ఆస్పత్రులు రోగుల లెక్క రాసుకుంటాయి. మన ఇళ్ళలో అమ్మ మంచం పట్టిన ఏడాది వంట ఎవరు చేశారు, ఎవరి చదువు ఆగిపోయింది అన్న లెక్క మనమే అడిగి రాయాలి. మీ అక్కల్ని, పిన్నుల్ని అడిగి చూడండి.