కొమగాటమారు: వాంకూవర్‌లో తిరస్కారం, బజ్‌బజ్‌లో కాల్పులు

కొమగాటమారు 1914లో 376 మంది భారతీయులను కెనడా తీసుకువెళ్లిన జపాన్ ఓడ. వాంకూవర్ అధికారులు దాన్ని రెండు నెలలు నీళ్లమీదే నిలిపి వెనక్కి పంపారు. ఆ ఓడ అదే ఏడాది సెప్టెంబరు 29న కలకత్తాకు దిగువన హుగ్లీ ఒడ్డునున్న బజ్‌బజ్ చేరింది. ఆ సాయంత్రం జరిగిన కాల్పుల్లో ఇరవై మంది దాకా ప్రయాణికులు చనిపోయారు. దీన్ని కెనడా చరిత్రలో ఒక ఘట్టంగా చెప్పడం అలవాటైంది. వాంకూవర్‌లో జరిగింది అవమానం, నెత్తురు చిందింది మాత్రం బెంగాల్‌లో. ఈ కథలో బరువైన సగం కలకత్తాదే.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పంజాబ్ రైతులు, సైన్యం నుంచి విరమించిన సిక్కు సిపాయిలు బ్రిటిష్ కొలంబియా రంపపు మిల్లుల్లో పనికి వెళ్లడం మొదలుపెట్టారు. 1908 నాటికి అలా వెళ్లినవాళ్లు అయిదు వేలకు పైనే. 1907 సెప్టెంబరులో వాంకూవర్‌లో ఆసియావాసులమీద అల్లర్లు చెలరేగాయి. వచ్చేవాళ్లను ఆపాలని ఒత్తిడి పెరిగింది. కాని భారతీయులు బ్రిటిష్ ప్రజలు. సామ్రాజ్యంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్లే హక్కు కాగితంమీద వాళ్లకూ ఉంది. పేరుపెట్టి నిషేధిస్తే లండన్‌కు, కలకత్తాలోని భారత ప్రభుత్వానికి తలనొప్పి. అందుకని 1908 జనవరి 8న కెనడా ప్రభుత్వం ఒక తెలివైన ఉత్తర్వు తెచ్చింది. పుట్టిన దేశం నుంచి, లేదా పౌరసత్వమున్న దేశం నుంచి, మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒకే టిక్కెట్టుమీద వచ్చినవాళ్లనే దిగనిస్తామన్నది దాని సారాంశం. భారతదేశం మాటే అందులో లేదు. అయితే అలాంటి ప్రయాణానికి టిక్కెట్లు అమ్మగలిగిన కెనడియన్ పసిఫిక్ కంపెనీని ఆ అమ్మకాలు ఆపమన్నారు. దానికితోడు ఆసియా నుంచి వచ్చేవాళ్ల చేతిలో 200 డాలర్లు ఉండాలన్నారు. తలుపుకు తాళం వేసి, తాళంచెవి ఉన్నవాళ్లు రావచ్చని చెప్పడంలాంటిదే ఇది. వలస ఇంచుమించు ఆగిపోయింది. ముందే వెళ్లినవాళ్ల భార్యాబిడ్డలు కూడా ఇటే ఉండిపోయారు.

1913 నవంబరులో ఈ తాళం ఒకసారి ఊడింది. పనామా మారు అనే ఓడలో వచ్చిన సిక్కుల కేసులో బ్రిటిష్ కొలంబియా ప్రధాన న్యాయమూర్తి గోర్డన్ హంటర్, ఉత్తర్వుల రాతలో లోపాలున్నాయంటూ వాళ్లను విడిచిపెట్టారు. ప్రభుత్వం వెంటనే ఉత్తర్వులను తిరగరాసింది. కాని తీర్పు కబురు అప్పటికే హాంకాంగ్ గురుద్వారా దాకా పాకింది. అక్కడ పని దొరక్క, ఓడ దొరక్క ఆగిపోయిన పంజాబీలకు ఆశ పుట్టింది.

ఆ ఆశకు ఓడ సమకూర్చినవాడు బాబా గురుదిత్ సింగ్. అమృత్‌సర్ ప్రాంతంలోని సర్హాలీలో 1860లో పుట్టి, మలయా, సింగపూర్‌లలో కాంట్రాక్టులు చేసి గడించినవాడు. 1890లో గ్లాస్గోలో కట్టిన సరుకుల ఓడ కొమగాటమారును అద్దెకు తీసుకుని, అందులో గురు గ్రంథ్ సాహిబ్‌ను ప్రతిష్ఠించి గురునానక్ జహాజ్ అని పేరు పెట్టాడు. ఆయన్ను కేవలం త్యాగమూర్తిగా చూపేవాళ్లున్నారు, కేవలం వ్యాపారిగా తీసిపారేసినవాళ్లూ ఉన్నారు. రెండూ సగం నిజాలే. టిక్కెట్లు అమ్మాడు, వాంకూవర్‌లో అమ్మి అద్దె బాకీ తీర్చుదామని బొగ్గు కూడా ఎక్కించాడు. అదే సమయంలో ఆ చట్టాన్ని కోర్టుకు లాగాలనీ బయల్దేరాడు.

1914 ఏప్రిల్ 4న హాంకాంగ్‌లో 165 మందితో కదిలిన ఓడ షాంఘై, మోజి, యొకొహామా రేవుల్లో మరికొందరిని ఎక్కించుకుంది. అత్యధికులు సిక్కులు, కొద్దిమంది ముస్లింలు, హిందువులు. ఇద్దరు ఆడవాళ్లు, కొందరు పిల్లలు కూడా ఉన్నారు. మే 23న ఓడ వాంకూవర్ బరార్డ్ ఇన్‌లెట్ చేరింది. ఒడ్డు కనబడుతూనే ఉంది, కాలు పెట్టనివ్వలేదు. చుట్టూ కాపలా పడవలు తిరిగేవి. అన్నం, నీళ్లు అందడం కూడా గగనమైన రోజులున్నాయి. వలస అధికారి మాల్కమ్ రీడ్, పార్లమెంటు సభ్యుడు హెచ్.హెచ్. స్టీవెన్స్ ఒకవైపు, హుసేన్ రహీం, భాగ్ సింగ్, బల్వంత్ సింగ్ వంటివాళ్లు నడిపిన ఒడ్డు కమిటీ, వాళ్ల లాయరు ఎడ్వర్డ్ బర్డ్ ఇంకోవైపు. మిల్లుల్లో చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ము నుంచి అక్కడి భారతీయులు ఇరవై వేల డాలర్లకు పైగా పోగుచేసి ఓడ అద్దె కట్టారు. మున్షీ సింగ్ అనే ప్రయాణికుడి పేరుమీద నడిచిన కేసును అప్పీలు కోర్టు జులై 6న ఏకగ్రీవంగా కొట్టేసింది.

జులై 19 తెల్లవారుజామున పోలీసులతో, మాజీ సైనికులతో నిండిన సీ లయన్ అనే టగ్గు ఓడను పట్టుకోవడానికి వచ్చింది. ప్రయాణికులు పైనుంచి బొగ్గు పెళ్లలు విసిరి తరిమేశారు. అమ్మకానికి తెచ్చిన బొగ్గు అలా ఖర్చయింది. ప్రభుత్వం అప్పుడు రెయిన్‌బో యుద్ధనౌకను రప్పించింది. కెనడా నౌకాదళానికి అప్పటికి ఉన్నవే రెండు పెద్ద నౌకలు, అందులో ఇదొకటి. తిరుగు ప్రయాణానికి సామాను ఇస్తేనే కదులుతామని ప్రయాణికులు పట్టుబట్టి సాధించుకున్నారు. జులై 23న ఓడ వెనుదిరిగింది. దిగనిచ్చింది 24 మందిని మాత్రమే. వాళ్లలో ఎక్కువమంది ముందునుంచీ కెనడాలో ఉంటున్నవాళ్లే.

ఓడ సముద్రంమీద ఉండగానే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. భారతదేశంలోని బ్రిటిష్ సర్కారు చూపు మారిపోయింది. సెప్టెంబరు మొదట్లో తెచ్చిన ఒక ఆర్డినెన్సుతో, బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ల కదలికలను కట్టడి చేసే అధికారం చిక్కింది. బ్రిటిష్ పాలనను కూలదోయాలని విదేశాల్లోని భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీవాళ్లు దారిలో ప్రయాణికులను కలిశారన్నది నిజం. యొకొహామాలో ఆ పార్టీ నాయకుడు సోహన్ సింగ్ భక్నా తుపాకులు అందించిన మాటా నిజమే. కాని ఓడలో ఉన్నవాళ్లంతా విప్లవకారులు కారు. అప్పులు చేసి బయల్దేరి, చేతులు ఖాళీ చేసుకుని తిరిగొచ్చిన రైతులే ఎక్కువ.

హుగ్లీ ముఖంలో ఓడను ఆపి సోదా చేశారు. కలకత్తా దాకా రానివ్వక బజ్‌బజ్‌లో దింపి, ప్రత్యేక రైల్లో నేరుగా పంజాబ్ పంపాలన్నది అధికారుల పథకం. అరవై మంది దాకా రైలెక్కారు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. గ్రంథ్ సాహిబ్‌ను కలకత్తా గురుద్వారాలో ఉంచాలి, లాటుదొరకు మొర చెప్పుకోవాలి, నగరంలో పని వెతుక్కోవాలి అన్నారు. గ్రంథాన్ని ముందుంచుకుని కీర్తనలు పాడుతూ కలకత్తా రోడ్డు పట్టారు. దారిలో సైనికులు, పోలీసులు అడ్డుపడి వెనక్కి మళ్లించారు. పొద్దుగూకే వేళకు అలసిన జనం బజ్‌బజ్ స్టేషను దగ్గర కూర్చున్నారు. గురుదిత్ సింగ్‌ను బయటికి పిలవబోయిన చోట పెనుగులాట మొదలై తుపాకులు పేలాయి. మొదటి గుండు ఎవరిదన్నదానిపై సర్కారు ఒక మాట, ప్రయాణికులు ఇంకో మాట చెప్పారు. పోలీసు, రైల్వే సిబ్బందిలోనూ, స్థానికుల్లోనూ కొందరు చనిపోయారు. రెండు వందల మందికి పైగా ప్రయాణికులు అరెస్టయ్యారు. విలియం విన్సెంట్ అధ్యక్షతన వేసిన విచారణ సంఘం తప్పంతా ప్రయాణికులమీదే పెట్టింది. సర్కారు తనమీద తానే వేసుకున్న విచారణ మరోలా తేలుతుందని ఆశించడం అమాయకత్వమే.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. 1893 జులైలో చికాగో వెళ్తూ వివేకానందుడు పసిఫిక్ దాటి దిగింది వాంకూవర్‌లోనే. 1897 ఫిబ్రవరిలో తిరిగొచ్చి బెంగాల్ నేలమీద దిగింది బజ్‌బజ్‌లోనే. అక్కడినుంచి ప్రత్యేక రైల్లో సియాల్దా చేరితే జనం బ్రహ్మరథం పట్టారు. రేవులు అవే రెండు, ప్రత్యేక రైలూ ఉంది. ఇరవై ఏళ్ల తేడాలో మారింది చట్టం.

కలకత్తాకు ఇంకో ముడి కూడా ఉంది. వాంకూవర్‌లో భారతీయులమీద నిఘా నడిపిన ఇన్‌స్పెక్టర్ విలియం హాప్కిన్సన్ అంతకుముందు కలకత్తా పోలీసుల్లో పనిచేసినవాడు. 1914 అక్టోబరు 21న వాంకూవర్ కోర్టులో మేవా సింగ్ అతన్ని కాల్చి చంపాడు. మరుసటి జనవరి 11న మేవా సింగ్‌ను ఉరితీశారు.

గురుదిత్ సింగ్ కాల్పుల రాత్రే తప్పించుకున్నాడు. ఏడేళ్లు అజ్ఞాతంలో గడిపి, గాంధీజీ సలహామీద 1921 నవంబరులో నన్‌కానా సాహిబ్‌లో లొంగిపోయి జైలుకెళ్లాడు. 1954లో చనిపోయాడు. బజ్‌బజ్ కబురు గదర్ పార్టీకి వేయి ఉపన్యాసాల పెట్టు అయింది. ఆ పార్టీలో మన తెలుగువాడూ ఉన్నాడు: కనిగిరికి చెందిన దరిసి చెంచయ్య, కాలిఫోర్నియాలో చదువుకుంటూ అందులో చేరాడు. ఆ రోజుల వాతావరణం తెలుసుకోవాలంటే ఆయన ఆత్మకథ ‘నేనూ నా దేశం’ చదవాలి.

ఎడతెగని ప్రయాణపు నిబంధన 1947లో గాని రద్దు కాలేదు. బ్రిటిష్ కొలంబియా శాసనసభ 2008 మే 23న క్షమాపణ చెప్పింది. అదే ఏడాది ప్రధాని స్టీఫెన్ హార్పర్ ఒక పార్కు సభలో చెప్పిన క్షమాపణను అక్కడి పంజాబీలు ఒప్పుకోలేదు, పార్లమెంటులో చెప్పాలన్నారు. 2016 మే 18న అప్పటి ప్రధాని జస్టిన్ ట్రూడో కామన్స్ సభలో చెప్పాడు. ఇవన్నీ ఓడను తిప్పి పంపినందుకు. బజ్‌బజ్ తుపాకులకు జవాబు చెప్పాల్సింది కెనడా కాదు.

మృతుల స్మారకాన్ని 1952 జనవరి 1న నెహ్రూ ఆవిష్కరించాడు. కృపాణం ఆకారంలో ఉన్న ఆ స్తంభం బజ్‌బజ్ స్టేషనుకు దగ్గరలోనే ఉంది. స్టేషను పేరును కూడా 2013లో కొమగాటమారు బజ్‌బజ్‌గా మార్చారు. కోల్‌కతా వెళ్లే తెలుగువాళ్లు దక్షిణేశ్వరం, బేలూరు తప్పక చూస్తారు. సియాల్దాలో లోకల్ రైలెక్కి ఇదీ చూసి రావాలి.