డీజిల్ పోయింది సరే, పొగ ఎక్కడికి పోయింది? – భారతీయ రైల్వే ఉద్గారాల లెక్క

ఈ వ్యాసం రాయడానికి కారణం ఒక మాక్ టెస్టులో నాకు పోయిన మార్కులు. రైల్వే విద్యుదీకరణ మీద ప్రశ్న వస్తే, "డీజిల్ ఇంజిన్లు పోయి కరెంటు ఇంజిన్లు రావడంతో ఉద్గారాలు సున్నాకు చేరుతున్నాయి" అని ధీమాగా రాశాను. దిద్దినవారు పక్కన ఎర్ర ఇంకుతో ఒకే ప్రశ్న వేశారు: "కరెంటు ఎక్కడ నుంచి?" ఇంజినీరింగ్ చదివి కూడా అది నాకు తట్టలేదు. మీరు అదే తప్పు చేయకూడదని, ఆ తర్వాత చదువుకున్నది ఇక్కడ పెడుతున్నాను.

ముందు చరిత్ర చూద్దాం. 1853 ఏప్రిల్ 16న బోరీ బందర్ నుంచి ఠాణేకు తొలి ప్రయాణికుల రైలు నడిచింది. ఆవిరి ఇంజిన్ బొగ్గులోని శక్తిలో పది శాతం కూడా చక్రానికి చేర్చలేదు. 1925 ఫిబ్రవరి 3న బొంబాయి వి.టి. – కుర్లా మధ్య తొలి ఎలక్ట్రిక్ రైలు వచ్చింది. అది పర్యావరణం కోసం వచ్చింది కాదు. నగర రద్దీ, పశ్చిమ కనుమల నిటారు ఎక్కుడు దానికి కారణాలు. స్వాతంత్ర్యం నాటికి విద్యుదీకరణ అయిన మార్గం 388 కిలోమీటర్లే. 1950ల చివర్లో 25 కిలోవోల్టుల ఏసీ పద్ధతిని ఎంచుకున్నారు. 1964 నుంచి వారణాసిలో డీజిల్ ఇంజిన్ల తయారీ మొదలైంది. 1973 చమురు సంక్షోభం తర్వాత దిగుమతి డీజిల్ భారమై, మళ్లీ చూపు కరెంటు వైపు తిరిగింది. అంటే ఆవిరి నుంచి డీజిల్‌కు, డీజిల్ నుంచి కరెంటుకు మారిన ప్రతిసారీ కారణం ఖర్చో, సామర్థ్యమో, విదేశీ మారకద్రవ్యమో. కర్బనం లెక్క చాలా ఆలస్యంగా వచ్చింది.

ఆ లెక్కకు ఒక పద్ధతి ఇచ్చింది 2001లో వెలువడిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్. అది సంస్థ ఉద్గారాలను మూడు స్కోపులుగా విడదీసింది. సంస్థ తానే మండించే ఇంధనం స్కోప్-1. కొనుక్కునే కరెంటు తయారీలో వెలువడేది స్కోప్-2. సరఫరాదారులు, వినియోగదారులు వంటి మిగతా గొలుసంతా స్కోప్-3. ఇప్పుడు నా జవాబులో తప్పు మీకే కనిపిస్తుంది. డీజిల్ స్కోప్-1, గ్రిడ్ కరెంటు స్కోప్-2. ఇంజిన్ మారితే మొదటి గడిలో అంకె తగ్గి రెండో గడిలో పెరుగుతుంది. గడి మారడం వేరు, తగ్గడం వేరు.

మరి నిజంగా ఎంత తగ్గింది? ఒక చిన్న లెక్క వేద్దాం. ఇవి ఉజ్జాయింపు అంకెలే. లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అందులో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటే, చక్రానికి చేరేది మూడో వంతు, అంటే 3.3 యూనిట్లు. అదే పని కరెంటుతో చేయాలంటే దారిలో నష్టాలు పోను విద్యుత్ కేంద్రంలో సుమారు 4 యూనిట్లు తయారవ్వాలి. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల ఉద్గారం. నాలుగింటికి 2.8 కిలోలు. అంటే దాదాపు సమానం! నోటుబుక్కులో ఈ అంకె చూసి నేను కాసేపు ఆగిపోయాను.

అలాగని విద్యుదీకరణ వృథా అనుకోకండి. డీజిల్ ఇంజిన్ తన జీవితకాలమంతా డీజిలే తాగుతుంది. కరెంటు ఇంజిన్ అలా కాదు, గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్ పెరిగే కొద్దీ అదే ఇంజిన్ శుభ్రమవుతుంది. పైగా త్రీ-ఫేజ్ ఇంజిన్లు బ్రేకు వేసేటప్పుడు కరెంటును తిరిగి తీగలోకి పంపగలవు. బైలడిల్లా ఇనుప ఖనిజంతో అనంతగిరి కొండలు దిగి విశాఖకు వచ్చే గూడ్సును ఊహించుకోండి. నిండు బరువుతో పల్లానికి దిగే అలాంటి చోట ఈ సదుపాయం బాగా కలిసొస్తుంది.

ఇంకో చిక్కు సంస్థ సరిహద్దు. బీహార్‌లోని నబీనగర్‌లో 1000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. అందులో ఎన్టీపీసీ వాటా 74 శాతం, రైల్వేది 26 శాతం. ఆ పొగ ఎవరి ఖాతాలోకి? వాటా పద్ధతిలో లెక్కిస్తే 26 శాతం రైల్వే స్కోప్-1లోకి వస్తుంది. నిర్వహణ ఎవరి చేతిలో ఉందన్న పద్ధతిలో చూస్తే రాదు. రెండూ చెల్లుబాటయ్యే పద్ధతులే. అందుకే ఏ సంస్థ నివేదిక చదివినా ముందు సరిహద్దు ఎక్కడ గీశారో చూడండి, అంకె తర్వాత.

విధానపరంగా గుర్తుంచుకోవాల్సినవి: ఇంధన పొదుపు చట్టం 2001, దాని కింద 2012లో మొదలైన పాట్ పథకం, ఆ పథకం రెండో దశలో చేరిన రైల్వే, కార్బన్ క్రెడిట్ల వ్యాపారానికి దారి తీసిన 2022 సవరణ. దేశం నెట్ జీరో లక్ష్యం 2070. రైల్వే తనకు తాను పెట్టుకున్నది 2030.

చివరగా అసలు ఇబ్బంది. రైల్వే మోసే సరుకులో దాదాపు సగం బొగ్గే. సరుకు రవాణా ఆదాయమే మన చౌక ప్రయాణికుల టికెట్లను మోస్తోంది. గ్రిడ్ శుభ్రమైతే రైల్వే ఉద్గారాలు తగ్గుతాయి, దాంతో పాటే దాని ప్రధాన ఆదాయమూ తగ్గుతుంది. 1951లో దేశ సరుకు రవాణాలో 80 శాతానికి పైగా ఉన్న రైల్వే వాటా ఇప్పుడు మూడో వంతు లోపే. లారీల మీద పోతున్న సిమెంటు, ధాన్యం, కంటెయినర్లను తిరిగి పట్టాల మీదికి తెస్తేనే ఆ లోటు పూడుతుంది, దేశం మొత్తం మీద ఉద్గారాలూ తగ్గుతాయి. చిత్రమేమిటంటే అప్పుడు రైల్వే సొంత ఖాతాలో అంకె పెరగవచ్చు! ఆ పెరుగుదలను తప్పుగా చూడకూడదని చెప్పగలిగితేనే మనకు ఈ లెక్క అర్థమైనట్టు.

సాధన ప్రశ్న: "ఒక సంస్థ ఉద్గారాలు తగ్గడం, దేశ ఉద్గారాలు తగ్గడం ఒకటి కాదు." భారతీయ రైల్వే ఉదాహరణతో చర్చించండి. (250 పదాలు)

రాసి చూడండి. "కరెంటు ఎక్కడ నుంచి?" అన్న ప్రశ్నకు మీ జవాబులో చోటు ఉందో లేదో మీరే దిద్దుకోండి.