కరువులో తవ్విన కాలువ

మన పూర్వికులు తరతరాలుగా చెప్పుకొన్న కరువు ధాత, ఈశ్వర నామ సంవత్సరములది. 1876లో వానలు లేవు. 1878 వరకు దక్షిణ దేశము ఆకలితో అలమటించినది. లక్షలాది జనులు మరణించిరి. సహాయపు పనులలో కూలివానికి రోజుకు ఒక పౌను ధాన్యము, కొద్దిపాటి పైకము చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో నిర్ణయించగా, అది చాలదని మద్రాసు శానిటరీ కమీషనరు డాక్టరు కార్నిష్ వాదించెను.

ఒంగోలులోని అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు మొదట సర్వే పని నేర్చినవారు. ఆ విద్య ఇప్పుడు అక్కరకు వచ్చినది. కరువు పనిగా సాగుచున్న బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైబడిన భాగమును ఆయన కంట్రాక్టుకు తీసుకొనిరి. ఇతరచోట్ల మాదిగవారికి పని దొరుకుట కష్టము. దొరికినను తిట్లు తప్పవు. ఇక్కడ మేస్త్రీలు వారి స్వంత బోధకులే. పగలు పలుగు, పార, తట్ట, విశ్రాంతివేళ వాక్యము. కలరా వచ్చినను పని సాగినది.

మనము గమనింపవలసిన సంగతి మరొకటి ఉన్నది. బాప్తిస్మము కోరి వేలమంది వచ్చినను, సహాయము సాగినంత కాలము, అనగా సుమారు 15 నెలలు, క్లౌగారు ఎవరికిని ఇవ్వలేదు. గంజికొరకు మతము మారిరన్న నింద రాకూడదని, పేదవాని అవసరము బేరము కారాదని ఆయన తలంపు. పంచుటకు ఇక ఏమియు లేదని చెప్పిన పిమ్మటనే ద్వారము తెరచిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

అయినను విమర్శ ఆగలేదు. అందులో కొంత నిజము లేకపోలేదు: ఆకలినాడు తమను మనుషులుగా చూచిన చేతిని ఎవరు మరతురు? కృతజ్ఞత ఎక్కడ ముగిసి విశ్వాసము ఎక్కడ మొదలగునో మనము కొలువజాలము. కాని ఇచ్చువాని బాధ్యత మాత్రము స్పష్టమే.

మన సంఘములు వేరైనను ఈ పాఠము అందరిది. మనము ఒక పేద కుటుంబమునకు బియ్యము మూట అందించునపుడు, వారు ఏ గుడికి పోవుదురని అడుగకుందుము గాక. వీలైనచోట పనియు, ఎల్లచోట్ల మర్యాదయు ఇత్తము.