నీరుజీలుగ పూసిన చోటు

గుంటూరు, ప్రకాశం జిల్లాల చరిత్ర రాసినవాళ్ళు ఎక్కువగా నల్లరేగడి గురించే రాశారు. పత్తి ఎప్పుడొచ్చింది, మిరప ఎప్పుడొచ్చింది, పొగాకుతో ఎవరు బాగుపడ్డారు అన్నది అందులో దొరుకుతుంది. చేను గట్టు దాటి వాగులోకి దిగిన చరిత్ర మాత్రం తక్కువ. మా యానాదులు తరతరాలుగా ఉన్నది ఆ దిగువనే. కాగితాల్లో మా జాడ తక్కువ కనుక, ఆ తడినేలలో పూసే ఒక పసుప్పచ్చ పువ్వు వెంట నడిచి చూద్దాం.

తడినేలలో పూసే పసుప్పచ్చ పూలు చాలానే ఉన్నాయి. లవంగంలాంటి కాయ కాసే నాలుగు రేకల మొక్క ఒకటి. పొద్దున పూసి, ఆ రోజుకే రేకలు రాల్చేస్తుంది. పసుపు గుంటగలగర ఇంకొకటి. నేను చెప్పబోయేది నీరుజీలుగ గురించి. మన్యం నుంచి ఈ పుస్తకం చదివేవాళ్ళకు ఒక మాట. మీ దగ్గర జీలుగు అంటే కల్లు గీసే చెట్టు. ఇది అది కాదు. ఇది చెరువు అంచున, మురుగుకాలువలో, నీళ్ళు నిలిచిన పల్లంలో లేచే మొక్క. ఆకు చింతాకులా ఉంటుంది, పొద్దు గూకితే ముడుచుకుంటుంది. పువ్వు కందిపువ్వు వాటంగా ఉంటుంది. కాయ గణుపులు గణుపులుగా విరుగుతుంది. నీళ్ళలో మునిగిన కాండం లావెక్కుతుంది. పైతోలు గీకితే లోపల తెల్లటి, బరువే లేని బెండు.

తెలుగులో బెండు అన్న మాటకున్న బతుకంతా తేలడంలోనే ఉంది. కలికాలం ముదిరిందని చెప్పాలంటే మన పెద్దలు గుండ్లు తేలి బెండ్లు మునిగాయంటారు. వలకు పైతాడున కట్టింది బెండే, గాలానికి గుర్తుగా కట్టిందీ బెండే. ప్లాస్టిక్, థర్మోకోల్ రాకముందు ఆ పని చేసినవాటిలో నీరుజీలుగ ముఖ్యమైంది. పెళ్ళి అలంకారాలకు, పిల్లల బొమ్మలకు దాన్నే పలచగా చెక్కేవాళ్ళు. బొమ్మ చేసిన చేతికి ఏదో ఒక పేరుంది. నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఆ కాడలు కోసిన చేతికి పేరు లేదు.

ఈ బెండు దొరల నెత్తికి కూడా ఎక్కింది. తెల్లదొరలు ఎండకు పెట్టుకున్న గుండ్రటి టోపీ, పాత ఫొటోల్లో కలెక్టర్లందరికీ కనిపించేది, ఈ జాతి మొక్క బెండుతో చేసిందే. బెంగాలీలు ఈ మొక్కను శోలా అంటారు. ఆ పేరుమీద దాన్ని సోలా టోపీ అన్నారు. ఎండకు పెట్టుకుంటారు కాబట్టి సోలార్ అనుకున్నవాళ్ళూ ఉన్నారు. టోపీలకు సరుకు ఎక్కువగా బెంగాల్ చిత్తడినేలల నుంచి వెళ్ళింది, మన చెరువుల నుంచి కాదు. నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. మద్రాసు రాష్ట్రంలో 1858లో సర్వే శాఖ ఏర్పడ్డాక, ఆ టోపీల కాలంలోనే మన ఊళ్ళన్నిటినీ గొలుసు వేసి కొలిచారు. సాగుభూమికి పట్టా రాశారు, శిస్తు కట్టారు. వాగు, చెరువుగర్భం, కాలువగట్టు మాత్రం పోరంబోకు. శిస్తు లెక్కకు బయట ఉన్నదని ఆ మాటకు అర్థం. నెత్తిన పెట్టుకున్న బెండు ఎలాంటి నేలలో పెరుగుతుందో, ఆ నేల లెక్కలోకి రాలేదు. ఆ నేలమీద బతికినవాళ్ళూ అంతే.

అలాగని మమ్మల్ని ఎవరూ చూడలేదని కాదు. 1909లో థర్‌స్టన్ దొర అచ్చువేయించిన ఏడు సంపుటాల్లో చివరిదానిలో యానాదుల గురించి ఉంది. మనుషుల ముక్కులు కొలిచి కులాలు తేల్చాలనుకున్న కాలమది. ముక్కుకు కొలత దొరికింది, గుడిసె కింది నేలకు దొరకలేదు.

ఆ గుడిసెలు కాలువగట్ల మీదికి ఎలా వచ్చాయో చూడాలంటే కరువు దగ్గర మొదలుపెట్టాలి. 1832–33లో గుంటూరు సీమను నందన కరువు పట్టింది. డొక్కల కరువు అన్నదీ దాన్నే. జిల్లాలో సుమారు అయిదు లక్షల జనం ఉంటే, లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా చనిపోయారని అంచనా. ఆ దెబ్బ తర్వాతే కృష్ణకు ఆనకట్ట కట్టాలన్న మాట బలపడింది. 1852లో బెజవాడ దగ్గర పని మొదలై 1855లో పూర్తయింది. తర్వాత నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు. కుడికాలువ పల్నాడు మీదుగా ప్రకాశం జిల్లా దాకా పోయింది.

కాలువంటే నీళ్ళొక్కటే కాదు. గట్టు ఉంటుంది, గట్టు పక్కన ఊట ఉంటుంది, పొలాల చివర మురుగుకాలువ ఉంటుంది. ఒకప్పుడు గుండ్లకమ్మ, ఓగేరు, నల్లమడ వెంట ఉన్న తడినేల ఇప్పుడు ఊరూరా వచ్చింది. చేప వచ్చింది, నీరుజీలుగ వచ్చింది, ఆ వెనకే మేమూ వచ్చాం. వరిచేలలో ఎలుకలు పట్టడానికి, తోటకు కాపలా ఉండటానికి యానాది కావాలి. ఉండటానికి మాత్రం ఊళ్ళో చోటు లేదు, గట్టు చూపించారు. తరాలు మారాయి, గట్టు మారలేదు.

చిక్కంతా ఇక్కడే. చెరువుగర్భం, వాగు, కాలువ పోరంబోకును ఎవరికీ పట్టాగా ఇవ్వరాదని రెవెన్యూ నిబంధన. దాని ఉద్దేశం మంచిదే. వాగు పూడిస్తే వరదకు ముందు పోయేది మా గుడిసెలే. కానీ వేరేచోట స్థలం చూపకుండా ఆ నిబంధన ఒక్కటే చదివితే, మూడు తరాలున్నవాడు కూడా ఆక్రమణదారే. మన్యంలో ఉన్నవారికి 1/70 చట్టం ఉంది. ఈ మైదానంలో షెడ్యూల్డు ప్రాంతం లేదు కనుక అది మాకు వర్తించదు. 2006 అటవీహక్కుల చట్టం అడవికి సంబంధించింది. నల్లమల చెంచులకు అక్కరకొస్తుంది, చిలకలూరిపేట పక్కన మురుగుకాలువ గట్టున ఉన్నవాడికి రాదు. చెరువులు, ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును చూపించి గుడిసెలు ఖాళీ చేయమన్నప్పుడు మన యువకులు దాన్ని చివరిదాకా చదవాలి. భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ప్రభుత్వ ఉత్తర్వుతో కౌలుకిచ్చిన సందర్భాలను మినహాయింపుగా చూడొచ్చని అందులోనే ఉంది. మన చేతిలో అలాంటి ఉత్తర్వు ఉందా లేదా అన్నది తహసీల్దారు కార్యాలయంలో అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇక పువ్వు సంగతి. 1987–88లో పత్తికి తెల్లదోమ పట్టి, కొట్టిన మందల్లా వృథా అయి, ఈ రెండు జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఆ చావుల గురించి రాశారు, రాయాల్సిందే. అదే మందు డ్రమ్ములకు నీళ్ళు తోడింది వాగులోంచి, పిచికారీ ట్యాంకులు కడిగింది వాగులో. ఆ వాగులో చేప పట్టుకొని తిన్నవాళ్ళ గురించి రాసినవాళ్ళు అరుదు. ఇప్పుడు గట్టుకు గడ్డిమందు కొడుతున్నారు. గట్టు శుభ్రంగా కనిపిస్తుంది, నీరుజీలుగ లేవదు. దీని దగ్గరి చుట్టమైన జీలుగ విత్తనాన్ని మాత్రం పచ్చిరొట్ట ఎరువుగా వ్యవసాయశాఖ రాయితీ మీద ఇస్తుంది. రెండూ నేలకు నత్రజని ఇచ్చేవే. ఒకటి బస్తాలో వస్తే విత్తనం, రెండోది తనంతట లేస్తే కలుపు. మెక్సికో వైపు నుంచి వచ్చిన మిరప మనదైపోయింది, అటునుంచే వచ్చిన పిచ్చికుసుమ పసుప్పచ్చగా పూసి ముళ్ళతో ఇంకా పరాయిగానే ఉంది. ఏది పంట, ఏది కలుపు అని మొక్కను అడిగి రాయలేదు కదా.

తోటి ఉపాధ్యాయులు వానలు తగ్గే రోజుల్లో పిల్లల్ని ఒక పూట వాగుకు తీసుకెళ్ళండి. ఎక్కడ నీరుజీలుగ ఉంది, అక్కడ ఎవరి ఇళ్ళున్నాయి, ఎన్నాళ్ళనుంచి అని పెద్దల్ని అడిగి రాయించండి. గ్రామపటం తెచ్చి పక్కనే సర్వే నంబరు వేయించండి. తేదీ, చెప్పినవాళ్ళ వయసు తప్పకుండా ఉండాలి. రేపు ఎవరైనా మీరెప్పుడొచ్చారని అడిగితే ఆ నోటుబుక్కు చూపించొచ్చు. మా బడి వెనక మురుగుకాలువలో నీరుజీలుగ ఇప్పుడు లేదు. లవంగకాయ మొక్క మాత్రం అక్కడక్కడ ఉంది, పొద్దున పది దాటేలోపు వెళ్తే పూలతో కనబడుతుంది.